తాత చెక్కిన రెండో ఎర

"ఏం కట్టావే?" అని జూడీ పడవ వెనక నుంచి అడిగింది.

మార్లా చేతిలో గాలపు కర్ర అప్పటికే వంగి ఉంది. ఆ రోజు తనకు పడిన మూడో చేప అది. జూడీకి ఇంకా ఒక్కటీ పడలేదు.

"ఎర్రదే," అంది మార్లా వెనక్కి తిరక్కుండా. "పీతలా ఉంటుంది చూడు, అది. నీ పెట్టెలో కూడా ఉందిగా."

"ఉందుంది," అంటూ జూడీ తన పెట్టె తెరిచి సంబరంగా వెతుక్కుంది.

మార్లా చేపను పైకి లాగింది. వీపు అటు తిప్పుకుని చేప నోట్లోంచి గాలం ఊడదీసింది. ఆ గాలానికి ఉన్న బొమ్మ ఎర ఎర్రగా లేదు. బూడిద రంగులో, చిటికెనవేలంత ఉంది.

పడవ నడుపుతున్న ఆర్విల్ తాత ఇదంతా చూశాడు. ఏదో అనబోయి నోరు మూసుకున్నాడు. పక్కనున్న డబ్బాలోంచి ఉడకబెట్టిన వేరుశనగ కాయ ఒకటి తీసి ఒలుచుకోసాగాడు.

సొంత మనవరాలు అబద్ధం ఆడుతుంటే ఆయనెందుకు ఊరుకున్నాడో మీకు చెప్పాలి. మా బడి చేపల క్లబ్బు పోటీలో పడవకి ఇద్దరు పిల్లలు, ఒక పెద్ద మనిషి. పెద్దవాళ్ళు పడవ నడపాలి, అంతే. గాలం ముట్టుకోకూడదు. రేవు వదిలాక ఎర గురించి ఒక్క ముక్క మాట్లాడకూడదు. మాట్లాడితే ఆ పడవ పోటీలోంచి అవుట్. ఆ రూలు పెట్టించిందే ఆర్విల్. పాపం, తను తవ్వుకున్న గోతిలో తనే పడ్డాడు.

ఇంతకీ నేనెవరంటే, రేవు పక్కన ఎరల కొట్టు నడిపే నెల్‌ని. పడవలో నేను లేను. జరిగినదాంట్లో సగం ఆర్విల్ చెప్పాడు. మిగతా సగం మార్లాయే వచ్చి చెప్పింది. చివరి ముక్క మాత్రం నా కొట్లో, నా కళ్ళ ముందే జరిగింది.

నా కొట్లో ఒక గోడ ఉంది. మా సరస్సులో ఏ పిల్లకైనా పిల్లాడికైనా మొట్టమొదటిసారి పదిహేను అంగుళాల బాస్ చేప పడితే, చేపతో ఫొటో తీసి ఆ గోడకి అంటిస్తాను. ఫొటో కింద పేరు, తారీఖు, ఏ ఎరకి పడిందో రాయాలి.

పేరూ తారీఖూ అందరూ నిజమే రాస్తారు. ఎర దగ్గరికొచ్చేసరికి ఒక్కరూ నిజం రాయరు. మా ఊళ్ళో అదొక అలవాటు. ఏ ఎరకి పడిందో చెప్తే, మర్నాడు ఊరంతా అదే పట్టుకుని దిగుతుంది మరి. అందుకని "మా నాన్న చిరిగిన మేజోడు" అని ఒకడు రాశాడు. "నిన్నటి మొక్కజొన్న రొట్టె" అని ఇంకొకత్తె రాసింది. మార్లా ఫొటో కింద "మా చెల్లి పాలపన్ను" అని ఉంటుంది. నలభై ఏళ్ళుగా ఆ గోడ నిండా అబద్ధాలే. నాకు ఆ గోడంటే ప్రాణం.

క్లబ్బులో పన్నెండు మంది పిల్లలుంటే, పదకొండు మంది ఫొటోలు గోడ మీదున్నాయి. లేనిది జూడీది. రెండేళ్ళుగా వస్తోంది. చలికి ముక్కు ఎర్రబడేదాకా గాలం విసురుతుంది. చేప మాత్రం పడదు.

ఆ వారం బస్సులో మార్లాతో అంది: "ఈ శనివారం కూడా పడకపోతే ఇంక మానేస్తానే. ఆ గోడ చూసినప్పుడల్లా ఏడుపొస్తోంది."

"పడుతుందిలే," అంది మార్లా. జూడీ మానేయడం తనకి ఇష్టం లేదు. జూడీ లేకపోతే పడవలో ఎవరితో నవ్వాలి?

కానీ మార్లాకి ఇంకొకటి కూడా కావాలి. ఆ పోటీలో అన్నిటికన్నా పెద్ద చేప ఎవరికి పడితే వాళ్ళ పేరు ఒక చెక్క పలక మీద చెక్కి, నా కొట్టు తలుపు పైన పెడతాం. అందులో వాళ్ళమ్మ పేరుంది, మేనమామ పేరుంది. తన పేరు లేదు. జట్టు బరువు ఇద్దరి చేపలూ కలిపి తూస్తారు. పెద్ద చేప మాత్రం ఒక్కరి పేరు మీదే. అక్కడికొచ్చేసరికి పక్కనున్న జూడీ కూడా పోటీయే.

ఆ పొద్దున జరిగింది ఇది.

రెండు రోజుల క్రితమే ఉత్తరపు గాలి తిరిగింది. మా టెనెసీ కొండల్లో అక్టోబరు గాలి తిరిగితే ఒక్క రాత్రిలో నీళ్ళు చల్లబడి, అద్దంలా తేరుకుంటాయి. మార్లా, తాత రేవు చెక్కల మీద కూర్చుని, నా దగ్గర కొన్న సాసేజ్ బిస్కెట్లు, అంటే మాంసం పెట్టిన మెత్తటి రొట్టెలు, తింటున్నారు. జూడీ ఇంకా రాలేదు.

"నీళ్ళు చూశావా, అమ్మడూ?" అన్నాడు తాత.

మార్లా వంగి చూసింది. ఒడ్డున ఒక చచ్చిన షాడ్ చేప తేలుతోంది. బాస్ చేపలు చలికాలానికి ముందు వీటినే వెంటాడి తింటాయి. మార్లా దాన్ని అరచేతిలోకి తీసుకుంది.

"ఏంటి తాతా, ఇంత చిన్నగా ఉంది? పోయినేడు నా చెయ్యంత ఉండేవి."

"ఈ ఏడు వానలు ఆలస్యం. పరకల్లాగే ఉండిపోయాయి. సరే, నీ పెట్టెలో ఏమున్నాయి?"

మార్లా పెట్టె తెరిచింది. ఎర్రవి, పచ్చవి, మెరుపులు చల్లినవి. ఒక్కొక్కటీ అరచెయ్యంత ఉంది.

"ఎవరికి నచ్చాయని కొన్నావు ఇవి?"

"నాకు."

"తినేదెవరు?"

మార్లా బిస్కెట్టు నమలడం ఆపి నవ్వింది. తాత చొక్కా జేబులోంచి చేతిరుమాలు తీసి విప్పాడు. లోపల రెండు చిన్న బొమ్మ ఎరలున్నాయి. వీపు బూడిద రంగు, పొట్ట తెలుపు, తోక దగ్గర గోరంత రేకు. అచ్చం ఆ షాడ్ పిల్లలాగే ఉన్నాయి. ఒకదానికి మాత్రం ఒక కన్ను పెద్దది, ఒక కన్ను చిన్నది.

"కంచె గుంజ విరిగితే దాంతో చెక్కా. దేవదారు కలప. నీళ్ళల్లో పడ్డాక మూడు లెక్కపెట్టి, అప్పుడు మెల్లగా లాగాలి. రెండు చేశా. పడవలో ఇద్దరుంటారుగా."

మార్లా రెండూ జేబులో వేసుకుంది. అంతలో జూడీ వాళ్ళమ్మ కారు వచ్చింది. మార్లా "తర్వాత ఇద్దాం" అనుకుంది. నిజంగానే అనుకుంది. ఆ పిల్ల మరీ చెడ్డదేం కాదు.

కానీ ఆ తర్వాత అనేది రాలేదు. మొదటిసారి విసరగానే చేప పడింది. ఇంకోటి పడితే ఇద్దాం అనుకుంది. ఇంకోటి పడింది. పదింటికి ఎర నీళ్ళలో మునిగిన చెట్టు కొమ్మకి తగులుకుని, దారం తెగి పోయింది. మార్లా జేబులో చెయ్యి పెట్టింది. రెండోది తీసింది. పెద్ద కన్ను, చిన్న కన్ను ఉన్నది. ఇది జూడీది కదా అని ఒక్క క్షణం అనిపించింది. సరిగ్గా అప్పుడే ఎదురుగా ఒక పెద్ద చేప నీళ్ళమీద ఎగిరి పడింది.

మార్లా గబగబా ఎర కట్టేసింది.

ఆ తర్వాత పడిన చేపని లాగుతున్నప్పుడే జూడీ అడిగింది, ఏం కట్టావే అని. మార్లా ఎర్రదని చెప్పింది. రేవులో వేరే పడవల వాళ్ళకి చెప్పే అబద్ధం, నోట్లో సిద్ధంగా ఉన్నదే, బయటికొచ్చేసింది.

జూడీ ఎర్ర పీత కట్టింది. విసిరింది. లాగింది. మళ్ళీ విసిరింది. మా సరస్సులో ఎర్ర పీత వసంతంలో పనిచేస్తుంది. అక్టోబరులో దాన్ని బాస్ చేప కన్నెత్తి కూడా చూడదు.

"నువ్వు చెప్పకపోతే నేనింకా ఆ పచ్చదే వేస్తూ కూర్చునేదాన్ని," అంది జూడీ. "థాంక్సే."

మార్లా మళ్ళీ గాలం విసిరింది.

మధ్యాహ్నం జూడీ తన వేరుశనగ ముద్ద రాసిన రొట్టె సగం తుంచి ఇచ్చింది. "ఇవాళ నాకు పడుతుందేమో అనిపిస్తోందే. ఎర సరైందే కదా."

మార్లా ఆ రొట్టె ముక్క ఒళ్ళో పెట్టుకుంది. తాత వైపు చూసింది. తాత ఒడ్డున ఎర్రబడ్డ ఆకుల వైపు చూస్తున్నాడు. ఆయన కాళ్ళ దగ్గర వేరుశనగ తొక్కలు కుప్పగా పడి ఉన్నాయి.

ఒంటిగంట దాటాక మార్లా గాలం ఒక్క ఉదుటున వంగింది. రీలు గిర్రున తిరిగింది. ఇంతకుముందు పడిన వాటిలా లేదది.

"పెద్దదే," అంది మార్లా.

చేప మునిగిన చెట్టు వైపు పరుగెత్తింది. దారం కొమ్మకి చుట్టుకుంది. లాగితే తెగుతుంది, వదిలితే పోతుంది.

జూడీ తన గాలం కింద పడేసింది. పడవ అంచున బోర్లా పడుకుని భుజం దాకా చెయ్యి నీళ్ళల్లో పెట్టింది. ఆ నీళ్ళు ఎంత చల్లగా ఉంటాయో నాకు తెలుసు. వేళ్ళు కొయ్యల్లా అయిపోతాయి. జూడీ పళ్ళు టకటక కొట్టుకుంటున్నా చెయ్యి తియ్యలేదు. తడుముతూ తడుముతూ కొమ్మ చుట్టూ ఉన్న దారం విప్పింది. రెండో చేత్తో వల అందుకుని చేప కింద పెట్టి ఎత్తింది.

చేప పడవలో పడింది. అంత పెద్ద చేప మార్లా ఎప్పుడూ పట్టలేదు.

"పట్టేశావే, పట్టేశావు," అంటూ జూడీ దాని నోరు తెరిచింది, గాలం తీద్దామని. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఇది ఎర్రది కాదే," అంది.

తాత వేరుశనగలు ఒలవడం ఆపాడు.

జూడీ ఆ చిన్న బూడిద రంగు ఎరని కాసేపు చూసింది. గాలం జాగ్రత్తగా తీసి, చేపని నీళ్ళ పెట్టెలో వదిలింది. తడిసిన చొక్కా చేతిని పిండుకుంది. వెనక్కి వెళ్ళి తన చోట కూర్చుంది. మళ్ళీ ఆ ఎర్ర పీతనే విసిరింది.

తిట్టినా బాగుండేది. జూడీ తిట్టలేదు. మార్లాకి ఏడుపొచ్చింది.

రెండింటికల్లా రేవుకి చేరాలి. ఇంకా అరగంట ఉంది. ఇంతకంటే పెద్ద చేప పడొచ్చు. ఈ చేప కన్నా పెద్దది వేరే పడవలో ఎవరికైనా పడి ఉండొచ్చు కూడా. ఆ ఎర దారానికి ఉంటేనే మార్లాకి ఆశ.

మార్లా కత్తెర తీసి దారం కత్తిరించింది. ఎర పట్టుకుని పడవ వెనక్కి నడిచింది.

"ఇందా."

"ఏంటది?"

"నీ ఎర."

"నాది కాదుగా," అంది జూడీ నీళ్ళవైపే చూస్తూ.

"నీదే. తాత రెండు చెక్కాడు. నీకొకటి, నాకొకటి. నాది పొద్దున్నే చెట్టుకి తగులుకుని పోయింది. ఇది నీది. పొద్దుట్నుంచీ నా దగ్గరే ఉంచుకున్నా."

జూడీ తలెత్తింది. "మరి ఎర్రదని ఎందుకు చెప్పావు?"

"పెద్ద చేప నాకే పడాలని."

"రేవులో బ్రాడీ వాళ్ళకి అబద్ధం చెప్తాం, అది వేరే. వాళ్ళది వేరే పడవ. నేను నీ పడవలోనే ఉన్నానుగా."

"తప్పు చేశానే," అంది మార్లా. కళ్ళు తుడుచుకుంది. "నువ్వు ముందుకి రా. ముందు చోటు నీది."

జూడీ నవ్వలేదు. చివరికి ఎర అందుకుని, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీనికి ఒక కన్ను పెద్దది," అంది.

"అవును."

"ముడి నువ్వే వెయ్యి. నా వేళ్ళు వంగడం లేదు."

మార్లా ముడి వేసి, నాలుకతో తడిపి, బిగించి, రెండుసార్లు లాగి చూసింది. తను వెనక చోటులో కూర్చుని, "మూడు లెక్కపెట్టి మెల్లగా లాగు," అని మాత్రం చెప్పింది. తను మళ్ళీ గాలం ముట్టుకోలేదు. వల పట్టుకుని కూర్చుంది.

జూడీ విసిరింది. ఏమీ లేదు. విసిరింది. ఏమీ లేదు. తాత వాచీ చూసుకున్నాడు. మాట్లాడే వీల్లేక వేరుశనగ కాయని తొక్కతో సహా నమిలేశాడు. ఇది ఆర్విల్ ఒప్పుకోడు గానీ మార్లా చూసింది.

ఇంకో పది నిమిషాలు ఉందనగా జూడీ గాలం చివర సన్నగా వణికింది.

"ఆకేమో," అంది జూడీ.

"ఆకు కాదు. లాగు," అంది మార్లా.

ఆకు కాదు. చేప పైకెగిరింది, మునిగింది, పడవ కిందికి దూరింది. జూడీ అటు తిరిగితే అటు, ఇటు తిరిగితే ఇటు మార్లా వల పట్టుకుని తిరిగింది. చివరికి చేప వలలో పడింది. ఇద్దరూ దాన్ని కొలత పలక మీద పెట్టి, తోక దగ్గరికి నొక్కి చూశారు.

"పదిహేనూ పావు," అంది మార్లా.

జూడీ పడవలో అలాగే కూలబడిపోయింది. నవ్వుతోందో ఏడుస్తోందో తనకే తెలీదు. రూలులో నవ్వకూడదని లేదు కాబట్టి తాత మాత్రం గట్టిగా నవ్వాడు.

రేవులో పడవ కట్టేస్తుండగా పక్క పడవలోని బ్రాడీ మెడ సాచి అడిగాడు. "మీకు దేనికి పడ్డాయే?"

మార్లా జూడీ వైపు చూసింది.

"ఎర్ర పీతకి," అంది జూడీ కళ్ళార్పకుండా.

మార్లా ఫక్కున నవ్వింది. జూడీ పెదాలు కూడా కొంచెం కదిలాయి. పొద్దుటి నుంచి ఆ పడవలో ఇద్దరూ కలిసి నవ్విన మొదటి నవ్వు అది.

చేపలన్నీ తూచి మళ్ళీ నీళ్ళల్లో వదిలేశాం. పెద్ద చేప బ్రాడీది. మార్లా చేప కన్నా మూడు ఔన్సులు ఎక్కువ. మార్లా తలుపు పైనున్న పలక వైపు కాసేపు చూసింది. ముఖం చిన్నబోయింది. నేను చూడనట్టు కాఫీ గిన్నె కడుక్కున్నాను.

తర్వాత జూడీ ఫొటో తీశాను. చేప బెదిరి తోక కొడితే జూడీ సగం కళ్ళు మూసుకుంది. అయినా అదే ఉంచమంది. గోడ మీద మిగతా పదకొండు మంది పక్కన అంటించాను. జూడీ తన పేరు రాసుకుంది, తారీఖు వేసింది. ఎర దగ్గరికొచ్చాక పెన్ను మార్లా చేతిలో పెట్టింది.

"ఇది నువ్వు రాయి."

పిల్లలంతా మూగారు. మార్లా ఏం జోకు రాస్తుందో అని బ్రాడీ ముందే నవ్వడానికి సిద్ధంగా ఉన్నాడు.

మార్లా చాలాసేపు రాసింది. రాసి పక్కకి తప్పుకుంది. బ్రాడీ పైకి చదివాడు.

"ఆర్విల్ తాత చెక్కిన చిన్న బూడిద రంగు ఎర. అది పొద్దుటి నుంచీ జూడీదే. మార్లా అబద్ధం చెప్పి దాచింది. ఆలస్యంగా ఇచ్చింది."

ఎవరూ నవ్వలేదు. బ్రాడీ నా వైపు తిరిగాడు. "నెల్ అత్తా, ఈ గోడ మీద నిజం రాయకూడదుగా."

"అలా అని ఎక్కడా రాసిలేదే," అన్నాను నేను.

మార్లా చెవులు ఎర్రబడ్డాయి. తల వంచుకుని నిలబడింది. ఆర్విల్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

జూడీ ఆ రాత దగ్గరగా వెళ్ళి చదువుకుంది. రెండోసారి కూడా చదువుకుంది. మార్లా చేతిలోంచి పెన్ను తీసుకుని, దాని కిందే రెండు మాటలు రాసింది.

"కానీ ఇచ్చింది."